చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్‌ను బండిలో ఎలా తీసుకెళ్లాలి, ఇంట్లో ఎలా దాచాలి: పూర్తి పద్ధతి

మన ఒడిశా గంజాం తీరంలో పడవ వెనక చెక్కకు తగిలించే ఈ చిన్న ఇంజన్లకు అసలు దెబ్బ ఒడ్డున తగులుతుంది. భుజాన వేసుకుని ఇసుకలో నడిచే ఆ కాస్త దూరంలో, ట్రాలీ ఆటోలో బరంపురం మెకానిక్ దగ్గరికి వెళ్లే దారిలో, వేట లేని నెలల్లో ఇంటి వెనక గోడకు ఆనించి వదిలేసినప్పుడు. సముద్రంలో అలల మీద అంత మొండిగా పనిచేసిన ఇంజన్ జూన్‌లో తాడు లాగితే కదలదు. పిస్టన్ పట్టేసి ఉంటుంది, లేదా కార్బొరేటర్ నిండా జిగురు. అప్పటికి రిపేరుకు డబ్బు ఉండదు, సీజన్ మాత్రం మొదలైపోతుంది. ఇదంతా ఆపగలిగే నష్టమే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది రెండు నుంచి పది హెచ్.పి. వరకు ఉండే, చేత్తో తాడు లాగి స్టార్ట్ చేసే పెట్రోల్ ఇంజన్ల గురించి. టూ స్ట్రోక్ (పెట్రోల్‌లోనే నూనె కలిపి నడిపేవి), ఫోర్ స్ట్రోక్ (నూనె విడిగా ఉండేవి) రెండూ. వెనక పొడవాటి షాఫ్టు ఉండే డీజిల్ లాంగ్‌టెయిల్ ఇంజన్ల లెక్క వేరు.

అన్నిటికంటే ముందు ఒక్క సూత్రం పట్టుకోండి: ఇంజన్ తల ఎప్పుడూ పైన, కాలు ఎప్పుడూ కింద. తల అంటే సిలిండర్, ప్లగ్, కార్బొరేటర్ ఉన్న పై భాగం. కాలు అంటే ప్రొపెల్లర్ ఉన్న కింది భాగం. చల్లబరచడానికి పైకి ఎక్కిన ఉప్పునీరు, పొగ గొట్టంలో మిగిలిన నీరు కాలు వైపు నుంచే బయటికి పోవాలి. తల కిందికి వంగితే ఆ నీరు పొగ దారి గుండా వెనక్కి వచ్చి సిలిండర్‌లోకి దిగుతుంది. లోపల తుప్పు పడుతుంది. అంతకంటే ప్రమాదం ఇంకోటి ఉంది. నీరు గాలిలాగా నలగదు కాబట్టి సిలిండర్‌లో నీళ్లున్నప్పుడు గట్టిగా తాడు లాగితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. కింద రాసినవన్నీ ఏదో విధంగా ఈ సూత్రం చుట్టూ తిరిగేవే.

పడవ నుంచి దించే ముందు

ఒడ్డుకు చేరాక పెట్రోల్ ట్యాప్ కట్టేయండి. బయట ట్యాంకు ఉన్నదైతే పైపు ఊడదీయండి. కాలు ఇంకా నీళ్లలో ఉండగానే ఇంజన్‌ను ఐడిల్‌లో (అతి తక్కువ వేగంలో) నడవనిచ్చి, దానంతట అదే ఆగిపోయేదాకా చూడండి. కార్బొరేటర్‌లో ఉన్న పెట్రోల్ అలా ఖర్చయిపోతుంది. అలల దెబ్బకు పడవ నిలవని చోట ఈ పని కుదరకపోతే ఇంటి దగ్గర డ్రమ్ములో చేసుకోవచ్చు. నీళ్లు లేకుండా మాత్రం ఒక్క క్షణం కూడా నడపొద్దు. నీళ్లు తోడే ఇంపెల్లర్ రబ్బరుది, పొడిగా తిరిగితే క్షణాల్లో మాడిపోతుంది.

పడవ లోపలికి లాగాక ఇంజన్‌ను నిటారుగా ఉంచి ఐదు నిమిషాలు ఆగండి. తర్వాత కిల్ స్విచ్ (ఇంజన్‌ను ఆపే స్విచ్) క్లిప్ తీసేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాడును మెల్లగా నాలుగైదు సార్లు లాగండి. పంపులో ఇరుక్కున్న నీరు కాలి కింద నుంచి కారడం మీకే కనబడుతుంది. అది ఆగాకే ఇంజన్‌ను పడవకు బిగించిన స్క్రూలు వదులు చేయాలి. వదులు చేయడానికి ముందు ఇంజన్‌కు ఒక తాడు కట్టి రెండో కొస పడవకు ముడి వేసి ఉంచండి. కెరటం వచ్చి పడవ ఊగినప్పుడు చేతిలోంచి జారి నీళ్లలో పడిపోతే ఆ తాడే దిక్కు.

మోయడం

రెండున్నర హెచ్.పి. ఫోర్ స్ట్రోక్ సుమారు 13 నుంచి 17 కిలోలు ఉంటుంది, ఒక్కడు మోయగలడు. ఎనిమిది హెచ్.పి. టూ స్ట్రోక్ 27 కిలోల దాకా వస్తుంది, పది హెచ్.పి. దగ్గరికి వెళ్తే 35 కూడా దాటవచ్చు. వీటిని ఇసుకలో ఒక్కడే మోయడం నడుముకు మంచిది కాదు, ఇంజన్‌కూ మంచిది కాదు. బరువు ఆగక ఎక్కడ పడితే అక్కడ దించేస్తాం కదా, ఇసుక మొత్తం నీళ్లు పీల్చే జల్లెడలోకి, గేరు లింకుల్లోకి దూరిపోతుంది. దారిలో దించాల్సి వస్తే గోనెపట్టా పరిచి దాని మీదే దించండి.

పట్టుకోవడానికి ఇంజన్‌కు ముందు వైపు ఒక పిడి ఇచ్చి ఉంటారు, అక్కడే పట్టుకోవాలి. రెండో మనిషి కాలి దగ్గర, ప్రొపెల్లర్‌కు పైన పట్టుకోవాలి. పై మూతను పట్టి ఎత్తితే దాని గొళ్లెం ఊడి ఇంజన్ కింద పడుతుంది. స్టీరింగ్ కర్రను పట్టి ఎత్తితే దాని కీలు విరుగుతుంది. భుజం మీద వేసుకునే వాళ్లు చాలామంది తలను వీపు వైపు వేలాడదీసి కాలిని ముందుకు పట్టుకుంటారు, ఎందుకంటే సన్నగా ఉండే కాలు చేతికి బాగా దొరుకుతుంది. అది తిరగేయండి. తల భుజానికి పైన ఉండాలి, కాలు కిందికి వాలాలి. ఇద్దరైతే పిడికి గట్టి తాడు వేసి కర్రకు తగిలించి నిలువుగా మోసుకెళ్లడం అన్నిటికంటే మేలు.

బండిలో పడుకోబెట్టడం

నిలువుగా తీసుకెళ్లగలిగితే అంతకంటే కావలసింది లేదు. ట్రాలీ ఆటోలో గానీ పికప్‌లో గానీ క్యాబిన్ వెనక జాలీకి ఒక మందపాటి చెక్క కట్టి, ఆ చెక్కకు ఇంజన్‌ను పడవకు బిగించినట్టే బిగించి, పైన ఇంకో తాడు వేస్తే సరిపోతుంది. కాలు నేలకు తగలకుండా ఎత్తు చూసుకోండి.

పడుకోబెట్టక తప్పకపోతే మీది టూ స్ట్రోకా ఫోర్ స్ట్రోకా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. టూ స్ట్రోక్‌లో విడిగా నూనె గుంట ఉండదు, నీళ్లు బాగా కారిపోయాయంటే ఏ పక్కకైనా పడుకోబెట్టవచ్చు. ఫోర్ స్ట్రోక్ అలా కాదు. దాని అడుగున ఇంజన్ ఆయిల్ ఉంటుంది. తప్పు పక్కకు పడుకోబెడితే ఆ నూనె సిలిండర్‌లోకి, కార్బొరేటర్‌లోకి, ఎయిర్ దారిలోకి పాకుతుంది. తర్వాత స్టార్ట్ కాదు, అయినా తెల్లటి పొగ, తడిసిపోయిన ప్లగ్. ఏ పక్క సరైనదో కంపెనీవాళ్లు మాన్యువల్‌లో బొమ్మ వేసి చూపిస్తారు. చాలా మోడళ్లలో ఆ పక్కనే ఇంజన్ ఆనడానికి చిన్న రబ్బరు బొడిపెలు, లేదా ఒక స్టిక్కర్ ఉంటుంది. యమహా ఇంజన్‌కు చెప్పింది హోండాకు పనికొస్తుందని అనుకోవద్దు, ఒకే కంపెనీలో రెండు మోడళ్లకూ తేడా రావచ్చు. మాన్యువల్‌లో అలా చూపించి ఉంటే తప్ప ముందు వైపుకు బోర్లా, వెనక్కి వెల్లకిలా పడుకోబెట్టొద్దు. సరైన పక్క ఏదో తెలుసుకున్నాక మూత మీద పెయింట్‌తో పెద్ద బాణం గుర్తు వేసి పెట్టండి. బండి ఎక్కించేది ఎప్పుడూ మీరే కాకపోవచ్చు, మీ బావమరిదో పక్కింటి కుర్రాడో ఎక్కిస్తాడు, వాళ్లకు మాన్యువల్ చదివే తీరిక ఉండదు.

కింద పాత బొంత గానీ గాలి సగం కొట్టిన టైరు ట్యూబు గానీ వేయండి. తల కిందకు ఇంకో మడత ఎక్కువ వేసి కాస్త ఎత్తులో ఉంచండి. బరువు ప్రొపెల్లర్ మీదా, కాలి చివర రెక్కలా ఉండే ముక్క మీదా పడకూడదు. ప్రొపెల్లర్‌కు గోనెసంచి చుట్టి కట్టండి, ఇంజన్‌కూ మంచిది, బండిలో కూర్చున్న వాళ్ల కాళ్లకూ మంచిది. తాళ్లు బిగింపు బ్రాకెట్‌కు, కాలి లావు భాగానికి వేయాలి. మూత మీదుగా, కేబుళ్ల మీదుగా వేసి బిగిస్తే అవి నొక్కుకుపోతాయి. సోనాపూర్ నుంచో ఆర్యపల్లి నుంచో లోపలి రోడ్ల మీద గతుకులు దాటి హైవే ఎక్కేటప్పటికి తాడు వదులవుతుంది. హైవే ఎక్కగానే ఒకసారి దిగి చూడండి.

బైక్ మీద వెనక కూర్చున్న మనిషి ఒళ్లో ఇంజన్ పెట్టుకుని వెళ్లడం ఈ మధ్య ఎక్కువగా కనిపిస్తోంది. దయచేసి వద్దు. రెండున్నర హెచ్.పి. అయినా సరే. బ్రేక్ పడితే ఆ ఇనుము మనిషి పొట్టలోకి వస్తుంది.

పడవతో సహా ట్రాలీ మీద లాక్కెళ్లే వాళ్లకు ఒక్క మాట. ఇంజన్‌ను పైకి వంచి దాని టిల్ట్ లాక్ మీద వదిలేసి రోడ్డెక్కొద్దు, అది రోడ్డు గతుకుల కోసం చేసినది కాదు. కాలికీ ట్రాలీ ఫ్రేముకూ మధ్య ఒక కర్ర ఆనించి కట్టండి, లేదా చిన్న ఇంజనే కదా, ఊడదీసి విడిగా వేసుకెళ్లండి. ఇచ్ఛాపురం వైపు నుంచి కొన్న ఇంజన్ అయితే ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని గిరిసోల దాటేటప్పుడు బిల్లు జేబులో ఉంచుకోండి, పాతదైతే సీరియల్ నంబరు రాసిన కాగితం, ఫోటో. దొంగతనం జరిగినా అదే పనికొస్తుంది.

పెట్రోల్ వేరు, ఇంజన్ వేరు

తల మీదే చిన్న ట్యాంకు ఉన్న ఇంజన్లకు ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, మూత మీదున్న గాలి స్క్రూ బిగించి, ట్యాప్ కట్టేసి అప్పుడు పడుకోబెట్టండి. బయట క్యాన్ అయితే దాని గాలి స్క్రూ కూడా బిగించాలి. అయితే నింపేటప్పుడే పైన కొంత ఖాళీ వదలాలి, ఎండకు పెట్రోల్ వ్యాకోచిస్తుంది. మూసిన వ్యాన్‌లో పెట్రోల్ క్యాన్ పెట్టొద్దు. తెరిచిన ట్రాలీలో, కదలకుండా కట్టి, దగ్గర్లో ఎవరూ బీడీ కాల్చకుండా చూసుకోవాలి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువైనది, పైకి పోకుండా కిందే పేరుకుంటుంది.

1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాని పెట్రోల్ 30 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, అదీ గట్టి మూత ఉన్న 25 లీటర్లు మించని ఇనుప డబ్బాల్లో. సీజన్‌కు ముందే డ్రమ్ములు నింపి ఇంట్లో పెట్టుకోవడం చట్టానికీ ప్రాణానికీ రెండిటికీ చెడ్డది. రైల్లో, బస్సులో పెట్రోల్ అసలే తీసుకెళ్లకూడదు. రైల్లో పార్సిల్ వేయాలంటే ఇంజన్‌లో చుక్క కూడా మిగలకూడదు.

వేట లేని నెలల కోసం దాచడం

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో వేట నిషేధం. ఋషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా ఉండే ఆంక్షలు వేరే. ఇంజన్ నెలల తరబడి ఖాళీగా ఉండేది అప్పుడే, అదీ గాలిలోనే ఉప్పు ఉండే చోట. రోజువారీ విప్పి ఇంట్లో పెట్టుకోవడానికీ దీనికీ చాలా తేడా ఉంది, ఒక పూట కేటాయించుకోండి.

మొదటిది మంచినీళ్లతో కడగడం. పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము అంచుకు చెక్క బిగించి, దానికి ఇంజన్ తగిలించి, ప్రొపెల్లర్‌కు పైన ఉండే అడ్డపలక మునిగేదాకా బోరునీళ్లు పోయండి. బోరు ఉప్పగా ఉంటే చెరువు నీళ్లయినా నయమే. ప్రొపెల్లర్ ఊడదీసి చేస్తే నీళ్లు చిమ్మవు. న్యూట్రల్‌లో ఐడిల్‌లో పది నిమిషాలు నడపండి. పక్క చిన్న రంధ్రం నుంచి నీటిధార రావాలి. రాకపోతే వెంటనే ఆపి, ఆ రంధ్రంలో సన్నటి నైలాన్ దారం పెట్టి శుభ్రం చేయండి. అప్పటికీ రాకపోతే ఇంపెల్లర్ చూడాలి. చిలికలో, రంభ వైపు తిరిగే వాళ్లు సరస్సు నీళ్లే కదా అని ఈ పని వదిలేస్తారు. చిలిక నీళ్లలోనూ ఉప్పుంది, పైగా లోతు తక్కువ చోట్ల బురద, నాచు కూడా లోపలికి ఎక్కుతాయి.

అదే డ్రమ్ములో చివర్లో పెట్రోల్ కట్టేసి ఇంజన్ ఆగేదాకా నడపండి. తర్వాత కార్బొరేటర్ అడుగున ఉన్న చిన్న స్క్రూ తీసి మిగిలిన చుక్కలు కూడా ఒక గిన్నెలోకి వదలండి. ఈ స్క్రూ సంగతి చాలామంది పట్టించుకోరు, నా దృష్టిలో మొత్తం పనిలో ఇదే అతి విలువైన రెండు నిమిషాలు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన తీరంలో తేమకు కొదవా? కొన్ని వారాలకు నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది, మిగిలింది ఆవిరై జిగురవుతుంది, కార్బొరేటర్‌లో పెట్రోల్ వెళ్లే జెట్ల సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. టూ స్ట్రోక్‌కు నూనె కలిపిన పెట్రోల్ అయితే మిగిలింది అలాగే నిల్వ పెట్టకుండా నిషేధానికి ముందే ఖర్చు చేసేయండి.

ఇప్పుడు ప్లగ్ తీసి, సిలిండర్‌లో ఒక చెంచాడు టూ స్ట్రోక్ ఆయిల్ పోసి, కిల్ స్విచ్ క్లిప్ తీసేసి, తాడును మెల్లగా ఐదారుసార్లు లాగండి. గోడలకు నూనె పట్టుకుంటుంది. ప్లగ్ మళ్లీ పెట్టాక తాడు లాగుతూ గట్టిగా తగిలిన చోట ఆపేయండి. ఫోర్ స్ట్రోక్‌లో ఆ స్థితిలో వాల్వులు మూసుకుని ఉంటాయి, లోపలికి తేమ గాలి పోదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ కూడా దాచే ముందే మార్చాలి. వాడిన నూనెలో ఆమ్లాలు, మసి ఉంటాయి, వాటిని నెలల తరబడి బేరింగులకు పట్టించి ఉంచొద్దు.

గేర్ ఆయిల్ తప్పకుండా చూడండి. కాలికి పక్కన రెండు స్క్రూలుంటాయి. కింద పళ్లెం పెట్టి ముందు కింది స్క్రూ, తర్వాత పైది తీయండి. నూనె పాలలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు చేరాయని అర్థం. వలల మధ్య తిరిగే ఇంజన్లకు దీనికి కారణం తరచూ నైలాన్ దారమే, ప్రొపెల్లర్ వెనక షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తుంది. ప్రొపెల్లర్ ఊడదీసే ఉన్నారు కాబట్టి అక్కడ దారం ఉందేమో చూసి లాగేయండి, షాఫ్టుకు మెరైన్ గ్రీజు రాయండి. కొత్త నూనె కింది రంధ్రం నుంచి ఎక్కించాలి, పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా వచ్చేదాకా. పై నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుకుంటుంది. ముందు పై స్క్రూ బిగించి, తర్వాత కిందిది. వాషర్లు కొత్తవి వేయండి, వాటి ఖరీదు ఏపాటి.

కాలికి బిగించిన జింకు ముక్క సగానికి పైగా కరిగిపోతే మార్చండి. ఉప్పునీళ్లలో అల్యూమినియం బదులు అది కరగడం కోసమే పెట్టారు. అందంగా ఉంటుందని దాని మీద పెయింట్ వేస్తే అది పనిచేయదు. బిగింపు స్క్రూల మరలకు, తిరిగే కీళ్లకు గ్రీజు పట్టించండి.

స్టాండు, చోటు

నిలువుగా పెట్టడానికి చెక్క స్టాండు ఏ వడ్రంగైనా ఒక పూటలో చేస్తాడు. నాలుగు కాళ్లు వెడల్పుగా, పైన రెండంగుళాల మందం పలక. షార్ట్ షాఫ్ట్ (పొట్టి కాలు) ఇంజన్లు 15 అంగుళాల పడవ చెక్కకు, లాంగ్ షాఫ్ట్ (పొడవు కాలు) 20 అంగుళాలకు చేసినవి. దాని కింద ప్రొపెల్లర్ భాగం ఇంకా ఉంటుంది కాబట్టి షార్ట్‌కు పలక 30 అంగుళాల ఎత్తులో, లాంగ్‌కు 36 అంగుళాల ఎత్తులో ఉంటే కాలు నేలకు తగలదు. పిల్లలున్న ఇల్లయితే స్టాండును గోడకు కూడా కట్టండి.

వంటింట్లో, దేవుడి దీపం దగ్గర వద్దు. ఖాళీ ట్యాంకులో కూడా ఆవిరి ఉంటుంది. డాబా మీద ఎండలో వద్దు, సముద్రం గాలి నేరుగా కొట్టే కిటికీ ముందు వద్దు. పాలిథిన్ కవర్ చుట్టి బిగించి కట్టడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని, లోపల చెమ్మ పట్టి పగటికి ఆవిరై రాత్రికి మళ్లీ నీళ్లవుతుంది. పాత నూలు చీర కప్పండి, గాలి ఆడుతుంది, దుమ్ము పడదు. ఎలుకలు పెట్రోల్ పైపులు, వైర్లు కొరుకుతాయి కాబట్టి వలలూ తాళ్లూ కుప్పగా పోసిన మూలలో పెట్టొద్దు. కందిరీగలు నీటిధార వచ్చే చిన్న రంధ్రంలోనూ, నీళ్లు పీల్చే జల్లెడలోనూ మట్టిగూడు కడతాయి. ఒక పలుచటి గుడ్డ కట్టి, స్టార్ట్ చేసే ముందు తప్పక తీసేయండి. నెలకోసారి తాడును మెల్లగా రెండుసార్లు లాగితే ఇంపెల్లర్ రెక్కలు ఒకే వంపులో బిగుసుకోకుండా ఉంటాయి. లాగాక మళ్లీ గట్టిగా తగిలిన చోటే ఆపండి.

తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు

2013లో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది అక్టోబర్ 12న. 2018లో తిత్లీ పలాస దగ్గర దాటింది అక్టోబర్ 11న. సెప్టెంబర్ ఆఖరుకల్లా ఇంజన్ ఎక్కడ పెడతారో నిర్ణయించుకోండి, హెచ్చరిక వచ్చాక వెతుక్కునే టైం ఉండదు. పడవకు బిగించి వదిలేయొద్దు. పెట్రోల్ పూర్తిగా తీసేసి, ఇంట్లో వీలైనంత ఎత్తైన చోట, గట్టి బల్ల మీదో అటక మీదో పెట్టి కట్టేయండి. పక్కా ఇల్లున్న బంధువులకు ముందే చెప్పి అక్కడ పెట్టడం ఇంకా మంచిది. ఇంజన్‌నూ పెట్రోల్‌నూ తుఫాను షెల్టర్‌కు తీసుకెళ్లొద్దు, అక్కడ వందల మంది పిల్లా పాపలతో ఉంటారు. చివరి నిమిషంలో ఇంజన్ కోసం వెనక్కి అసలే వెళ్లొద్దు.

ఒకవేళ మునిగిపోయిందా, బయటికి తీశాక గాలి తగిలిన దగ్గర్నుంచే తుప్పు పరిగెడుతుంది. వెంటనే మంచినీళ్లతో పూర్తిగా కడిగి, ప్లగ్ తీసి, ప్లగ్ రంధ్రం కిందికి వచ్చేలా వంచి మెల్లగా తాడు లాగి నీళ్లు బయటికి పంపండి. తల పైనే ఉండాలన్న నియమం ఈ ఒక్కచోట వర్తించదు. తాడు ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు, మెకానిక్ చూడాలి. కార్బొరేటర్ ఖాళీ చేసి, సిలిండర్‌లో నూనె పోసి, ఫోర్ స్ట్రోక్ అయితే ఇంజన్ ఆయిల్ మార్చి, రెండు మూడు గంటల్లో స్టార్ట్ చేసి కాసేపు నడపగలిగితే బతుకుతుంది. ఆ రోజు మెకానిక్ దొరకడం లేదంటే వినడానికి వింతగా ఉన్నా సరే, ఇంజన్‌ను మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచండి. గాలి తగలకపోతే తుప్పు నెమ్మదిస్తుంది.

మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు

గుడ్డలు తీసేయండి, పైపులు వేలితో నొక్కి పగుళ్లు చూడండి. ప్లగ్ తీసి రెండుసార్లు లాగి ఎక్కువ నూనె బయటికి పోనివ్వండి, ప్లగ్ తుడిచి పెట్టండి. కొత్త పెట్రోల్, టూ స్ట్రోక్‌కు మాన్యువల్ చెప్పిన పాళ్లలో, చాలా వాటికి 50 పాళ్ల పెట్రోల్‌కు 1 పాలు నూనె, బైక్ నూనె కాకుండా టీసీ-డబ్ల్యూ3 అని రాసిన మెరైన్ ఆయిల్. మొదటిసారి డ్రమ్ములోనే స్టార్ట్ చేయండి. కొంచెంసేపు పొగ వస్తుంది, అది మీరు పోసిన నూనే, టెన్షన్ పడక్కర్లేదు. నీటిధార వస్తోందా, గేరు పడుతోందా చూసుకోండి. ప్రొపెల్లర్ బిగించేటప్పుడు పాత షియర్ పిన్ (ప్రొపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న పిన్ను) వంగి ఉంటే పారేయండి. మొదటి రోజు తెడ్లు పడవలో ఉంచుకుని ఒడ్డు కనబడే దూరంలోనే తిరగండి. అదనంగా రెండు షియర్ పిన్నులు, ఒక ప్లగ్, ప్లగ్ స్పానర్, కటింగ్ ప్లయర్ గట్టి మూత డబ్బాలో వేసి పడవలోనే ఉంచండి.